గోదారి పెరిగితే అమ్మకి దడ: రక్త పరీక్షలో తేలుతుందా?

లంక కుర్రాడు:
మాది కోనసీమలో ఒక లంక. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 11.75 అడుగులు, మొదటి ప్రమాద హెచ్చరిక అని టీవీలో రాగానే మా అమ్మకి గుండె దడ, చేతులు చల్లబడిపోవడం. ఇక రాత్రంతా నిద్రుండదు. 86 వరదప్పుడు ఆవిడ ఎనిమిదేళ్ల పిల్ల. మా బావమరిది మాత్రం "ఇదంతా మైక్రో ఆర్‌ఎన్‌ఏల పని, రక్తం పరీక్ష చేయించు" అంటున్నాడు. చేయించమంటారా?

పంటు రేవు:
బావమరిది గాలి మాట చెప్పలేదండి. మైక్రో ఆర్‌ఎన్‌ఏ అంటే మన కణాల్లో ఉండే, సుమారు 22 జన్యు అక్షరాల పొడవున్న ఆర్‌ఎన్‌ఏ తునక. ప్రోటీన్ తయారుచేయమని కబురు మోసే మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏకి అంటుకుని దాని జోరు తగ్గిస్తుంది, కాలవ తూముకి షట్టరు సగం దించినట్టు. 1993లో ఆంబ్రోస్, రవ్‌కున్‌లు ఓ చిన్న పురుగులో దీన్ని బయటపెట్టారు, 2024లో నోబెల్ వచ్చింది. మెదడులో భయాన్ని నడిపే అమిగ్డలాలో మిఆర్-34సి అనే మైక్రో ఆర్‌ఎన్‌ఏ ఒత్తిడి పడ్డప్పుడు పెరుగుతుందని 2011లో చిట్టెలుకల్లో చూశారు. దాన్ని ఇంకా పెంచితే జంకు తగ్గింది. ఒత్తిడి కబురు అందుకునే ఒక గ్రాహకాన్ని అది అణుస్తుంది.

పూతరేకు:
కరోనా టీకాల్లో ఉన్నది ఇదేనా?

పంటు రేవు:
కాదండి. కొన్ని టీకాల్లో ఉన్నది మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏ.

చెరువు గట్టు:
ఎలుకా! ఎలుకకి అప్పుందా? రొయ్యకి తెల్లమచ్చ తగిలి ఒక్క వారంలో చెరువంతా పోతే నాకొచ్చిన టెన్షన్‌కి ఏ ఆర్‌ఎన్‌ఏ కారణం? "నాకు భయమేస్తోంది" అని ఎలుక చెప్పిందా?

పంటు రేవు:
ఎత్తు మీద ప్లస్ గుర్తులా పలకలు పెడతారు. రెండు పలకలకి గోడలుంటాయి, రెండింటికి ఉండవు. గోడల్లేని వైపు వెళ్లడానికి ఎంత జంకితే అంత ఆందోళన అని లెక్క.

చెరువు గట్టు:
గోడల్లేని పలకెక్కకపోవడం తెలివండీ బాబూ! లంకలో ఉన్నావిడ వరదకి భయపడటమూ తెలివే.

కొబ్బరి మట్ట:
ఆయ్, మీరిద్దరూ ఎలుక దగ్గరే ఆగిపోయారు. ఆ కుర్రాడి తల్లి సంగతి చెప్పండి ముందు.

పంటు రేవు:
నీళ్లు గడపకి రాకముందే నిద్ర పట్టకుండా పోతే అది తెలివి కాదు, జబ్బు. చదవకుండా వాదిస్తే ఎలా?

చెరువు గట్టు:
చదువు మీ దగ్గరే ఉంచుకోండి. మా నాన్నకి ఇలాంటి దడే ఉండేది. "వాళ్ల వంశంలో ఉంది" అని మా చెల్లికి కుదిరిన సంబంధం వెనక్కి పోయింది. రేపు మీ రక్త పరీక్ష కాగితం జాతకంతో పాటు అడుగుతారు. అది ఆలోచించారా?

పంటు రేవు:
మీ చెల్లిగారి విషయం నాకు తెలీదు, క్షమించండి. నా సంగతి వేరు. ఇరవై ఏళ్లు నన్ను పిరికిది అన్నారు. గోదారి దాటించే పంటు ఎక్కాలంటే చెమటలు పట్టేవి. తాయెత్తు కట్టించారు, చెంపదెబ్బలూ పడ్డాయి. మెదడులో జరిగే పని ఇదని మొదటిసారి చదివిన రోజు ఏడ్చాను. అందుకే ఆ ఎలుకని వదల్లేను.
వంశం మాటకొస్తే, కవలల మీద అధ్యయనాల్లో ఆందోళన జబ్బులకి వారసత్వం వాటా 30 నుంచి 50 శాతం దాకా తేలింది. మిగతాది బతుకే. ఈ తునకలు కూడా బతుకుని బట్టి పెరిగి తగ్గేవే.

కొబ్బరి మట్ట:
మరి పరీక్ష?

పంటు రేవు:
వద్దు, డబ్బు దండగ. ఆందోళన ఉందో లేదో రక్తంలో మైక్రో ఆర్‌ఎన్‌ఏ చూసి తేల్చే పరీక్ష వైద్యంలో వాడుకలో లేదు. మందూ రాలేదు. మిఆర్-34 నకలుని క్యాన్సర్ మందుగా మనుషులకిచ్చి చూసి, రోగనిరోధక వ్యవస్థ తీవ్రంగా తిరగబడటంతో 2016లో ఆపేశారు. మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి, మాటల చికిత్స ఉంది, మాత్రలున్నాయి.

లంక కుర్రాడు:
సరేనండి. ఇవాళ 12.1 అడుగులు. అమ్మ టీవీ ముందు నుంచి లేవట్లేదు.

చెరువు గట్టు:
రేవు గారూ, మీరిప్పుడు పంటు ఎక్కుతున్నారా?