కుళాయి నీళ్ళు 33 డిగ్రీలు: ఇంట్లో బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్ కడగడం ఎలా?

బెజవాడ_135:
అందరికీ నమస్కారం. హెచ్‌పీ5 ప్లస్ 400 (ఇల్‌ఫర్డ్ వాళ్ళ 35 ఎం.ఎం. బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్) రోల్స్ నాలుగున్నాయి, ఇంట్లోనే కడగాలనుకుంటున్నాను. రెండు స్పైరల్స్ (ఫిల్మ్‌ని చుట్టే గాడుల చట్రాలు) పట్టే పేటర్సన్ ట్యాంకు, ఛేంజింగ్ బ్యాగు (చేతులు దూర్చి చీకట్లో పనిచేసుకునే సంచి), వంటింటి డిజిటల్ థర్మామీటరు, ఐడీ-11 డెవలపరు (బొమ్మని పైకి తెచ్చేది) పొడి లీటరు ప్యాకెట్టు, ఇల్‌ఫర్డ్ ర్యాపిడ్ ఫిక్సరు (ఆ బొమ్మని నిలిపేది) సమకూర్చుకున్నాను. సందేహాలు ఇవి:

ఏ చార్టు చూసినా 20 డిగ్రీలంటుంది. విజయవాడలో ఇప్పుడు కుళాయి నీళ్ళే 33 ఉన్నాయి. బాత్రూంలో ఏసీ లేదు. టైము తగ్గించి 33లోనే కడిగేయవచ్చా?

పాత రోల్‌తో ప్రాక్టీసు చేస్తుంటే ఫిల్మ్ సగం ఎక్కాక స్పైరల్‌లో ఇరుక్కుపోతోంది. ఎందుకు?

స్టాప్ బాత్ (డెవలపరు పనిని ఆపే ద్రావణం) కొనలేదు. తప్పనిసరా? మాది బోరు నీళ్ళు, బకెట్లకి తెల్లగా పొర కడుతుంది. ఫిల్మ్‌కి పనికొస్తాయా?

హైపో_సీసా:
ముందు వేడి సంగతి చూద్దాం, మిగతావన్నీ దాని తర్వాతే.

33లో కడగొద్దండీ. ఐడీ-11 నేరుగా స్టాక్‌గా (పొడి కరిగించిన ద్రావణంలో ఇంకా నీళ్ళు కలపకుండా) వాడితే హెచ్‌పీ5కి 20 డిగ్రీల దగ్గర ఏడున్నర నిమిషాలు. 30 డిగ్రీలకి వచ్చేసరికి అది మూడున్నర లోపు పడిపోతుంది. ఐదు నిమిషాల కంటే తక్కువ టైముల్లో డెవలపరు పోసే పది సెకన్లు, ఒంపే పది సెకన్లు కూడా లెక్కలోకి వచ్చేస్తాయి. ఆకాశంలాంటి ఖాళీ చోట్ల మచ్చలు, చారలు కనబడతాయి. పైగా వేడికి ఎమల్షన్ (ఫిల్మ్ మీద బొమ్మ పడే జెలటిన్ పూత) మెత్తబడి వేలి గోరు తగిలినా గీతపడుతుంది.

అలాగని 20 కోసం కుస్తీ పట్టాల్సిన పనీ లేదు. మన ఎండల్లో 20కి దించడం కష్టం, దించినా నిలవదు. 24 పెట్టుకోండి. డెవలపరు 1+1 (ఒక వంతు స్టాకు, ఒక వంతు నీళ్ళు) వాడండి. 1+1లో 20 డిగ్రీలకి 13 నిమిషాలు, 24కి సుమారు 9 నిమిషాలు. ఒక్క అర నిమిషం తేడా వచ్చినా పెద్దగా నష్టం జరగనంత టైము అది.

1+1 వల్ల ఇంకో లాభం: చల్లబరచాల్సింది స్టాక్‌ని కాదు, అందులో కలిపే నీళ్ళని. 24ని రెట్టింపు చేసి, అందులోంచి స్టాక్ ఎంత వేడిగా ఉందో తీసేయండి. స్టాక్ 32లో ఉంటే 48 మైనస్ 32, అంటే నీళ్ళు 16లో ఉండాలి. రెండు రోల్స్‌కి 300 మి.లీ. స్టాకు, 300 మి.లీ. నీళ్ళు. ఫ్రిజ్ నీళ్ళలో మామూలు నీళ్ళు కలిపి 16కి తెచ్చుకోవడం రెండు నిమిషాల పని. డెవలపర్లో మాత్రం ఐసు ముక్క వేయకండి, ఎంత కరిగితే అంత పలచబడుతుంది.

తర్వాత వెడల్పాటి టబ్బులో 23 డిగ్రీల నీళ్ళు పోసి, డెవలపరు, ఫిక్సరు, మూత పెట్టిన ట్యాంకు, కడగడానికి లీటరు నీళ్ళ సీసాలు మూడు, అన్నీ అందులో నిలబెట్టండి. టబ్బులోకి ఐసు వేసుకోవచ్చు, అక్కడ ఫరవాలేదు. ఖాళీ ట్యాంకు కూడా గది వేడికి 33లోనే ఉంటుంది. దాన్ని ఐదు నిమిషాలైనా టబ్బులో ఉంచకపోతే మీరు కష్టపడి తెచ్చిన 24 పోసీపోయగానే పెరుగుతుంది. డెవలప్ అవుతున్నంతసేపూ తిప్పడం అవగానే ట్యాంకు మళ్ళీ టబ్బులోకి వెళ్ళాలి.

చాలామంది తప్పు చేసేది చివర్లో. డెవలపరు 24లో పెట్టి, ఆఖరికి 33 డిగ్రీల కుళాయి కింద కడుగుతారు. ఒక ద్రావణానికీ ఇంకోదానికీ ఐదు డిగ్రీలకు మించి తేడా ఉండకూడదు. ఉంటే జెలటిన్ ఒక్కసారిగా ఉబ్బి ముడతలు పడొచ్చు. ఇప్పటి ఫిల్ములు పాతవాటికంటే ఓర్చుకుంటాయి గానీ పరీక్ష పెట్టడం ఎందుకు? రాత్రి కుండలో పోసి ఉంచిన నీళ్ళు కడగడానికి బాగుంటాయి, థర్మామీటరు పెట్టి చూసుకోండి.

ఆ థర్మామీటర్ని కూడా ఒకసారి సరిచూడండి. జ్వరం చూసే థర్మామీటర్ని, దీన్ని గోరువెచ్చని నీళ్ళ గిన్నెలో పక్కపక్కన పెట్టి 38 దగ్గర పోల్చండి. డిగ్రీన్నర తేడా ఉంటే గుర్తుపెట్టుకుని లెక్కేసుకోవచ్చు.

చీకటిగది:
ఫిల్మ్ ఇరుక్కోవడానికి నూటికి తొంభైపాళ్ళు కారణం తడి. స్పైరల్‌లో పైకి కనబడని తేమ ఉన్నా చాలు, ఫిల్మ్ అంచు ఉబ్బి అంటుకుంటుంది. ఛేంజింగ్ బ్యాగులో మే నెలలో చేతులు పెడితే ఐదు నిమిషాల్లో చెమటతో లోపలంతా ఆవిరి. కాబట్టి ఫ్యాను కింద చేతులు ఆరబెట్టుకుని, పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు ఎక్కించండి. స్పైరల్‌ని ముందురోజే కడిగి పూర్తిగా ఆరనివ్వాలి. సబ్బు పొర కూడా ఉండకూడదు, పాత టూత్‌బ్రష్‌తో గాడులు రుద్దండి.

లీడర్ని (ఫిల్మ్ మొదటి కొసని) రెండు పెర్ఫరేషన్ల (అంచు రంధ్రాల) మధ్యగా తిన్నగా కత్తిరించి, రెండు మూలల్నీ కొంచెం గుండ్రంగా చేయండి. మూల మొనదేలి ఉంటే గాడిలో గుచ్చుకుని ఆగిపోతుంది. ఈ కత్తిరింపూ, మొదటి రెండంగుళాలు ఎక్కించడమూ వెలుతురులోనే చేసుకోవచ్చు. తర్వాత క్యాసెట్‌తో సహా బ్యాగులో పెట్టి తిప్పండి. లీడరు పూర్తిగా లోపలికి వెళ్ళిపోయి ఉంటేనే చీకట్లో ఓపెనరు పని.

తిప్పుతుంటే బిగిసిందా, బలవంతం చేయకండి. స్పైరల్ని బల్లకేసి మెల్లగా తట్టండి, ఫిల్మ్‌ని పట్టి లాగే లోపలి చిన్న గోళీలు కదులుతాయి. అప్పటికీ రాకపోతే ఫిల్మ్ మొత్తం ట్యాంకులో వదిలేసి మూత బిగించి, చేతులు బయటికి తీసి ఆరబెట్టుకోండి.

ఇక్కడో ముఖ్యమైన విషయం: పేటర్సన్ ట్యాంకులో మధ్య గొట్టం లేకపోతే మూత పెట్టినా వెలుతురు లోపలికి వెళ్తుంది. స్పైరల్స్ ఎక్కించినా ఎక్కించకపోయినా ఆ గొట్టం ఉండాల్సిందే. బ్యాగులోకి ట్యాంకు, గొట్టం, గరాటు మూత, స్పైరల్స్, కత్తెర ఐదూ వెళ్ళాయో లేదో లెక్కపెట్టుకుని అప్పుడు జిప్పు వేయండి.

హైపో_సీసా:
స్టాప్ బాత్ విషయం. ఫిక్సరు ఎక్కువకాలం రావాలంటే వాడటం మంచిది, లేకపోతే మామూలు నీళ్ళతో రెండుసార్లు కడిగినా పని జరుగుతుంది. కిరాణా కొట్లో దొరికే తెల్ల సింథటిక్ వెనిగర్ నాలుగు శాతం ఎసిటిక్ యాసిడ్. ఒక వంతు వెనిగర్‌కి మూడు వంతుల నీళ్ళు కలిపితే సరిపోతుంది. అర నిమిషం ఉంచి పారబోయండి.

బోరు నీళ్ళతో కడగొచ్చు గానీ ఆఖరి ముంపు మాత్రం డిస్టిల్డ్ వాటర్లోనే. లేకపోతే ఆరిన చుక్కలన్నీ తెల్లటి సున్నపు మచ్చలై నెగెటివ్ మీద కూర్చుంటాయి. బ్యాటరీ షాపులో నీళ్ళ క్యాను తీసుకోండి (యాసిడ్ క్యాను కూడా పక్కనే ఉంటుంది, లేబుల్ చూడండి). లీటరుకి 5 మి.లీ. ఇల్‌ఫటాల్ (ఫిల్మ్ మీద చుక్కలు నిలవకుండా జార్చే ద్రవం) వేసి, నిమిషం ముంచి, వేళ్ళతో తుడవకుండా వేలాడదీయండి. వేళ్ళ మధ్య చిక్కిన ఒక్క ఇసుక రేణువు 36 ఫ్రేముల పొడవునా గీత గీస్తుంది. ఫ్యాను ఆపేయండి, తడి ఫిల్మ్ మీద దుమ్ము అతుక్కుంటే మళ్ళీ రాదు.

మొత్తం వరస ఇదీ: డెవలపరు 24 డిగ్రీల్లో 9 నిమిషాలు. మొదటి పది సెకన్లలో నాలుగుసార్లు తలకిందులు చేసి, బుడగలు పోవడానికి ట్యాంకుని బల్లకేసి ఒకసారి తట్టాలి. తర్వాత ప్రతి నిమిషం మొదట్లోనూ నాలుగుసార్లు. 8 నిమిషాల 45 సెకన్లకి ఒంపడం మొదలుపెట్టండి. 1+1 డెవలపరు ఒకసారి వాడాక పారబోయాల్సిందే. స్టాప్ అర నిమిషం. ఫిక్సరు 1+4, అంటే 120 మి.లీ.కి 480 నీళ్ళు, నాలుగు నిమిషాలు. కడగడానికి ట్యాంకు నింపి ఐదుసార్లు తలకిందులు చేసి ఒంపడం, మళ్ళీ నింపి పదిసార్లు, మళ్ళీ నింపి ఇరవైసార్లు. దీనికి రెండు లీటర్లు కూడా పట్టవు, కుళాయి తెరిచి పెట్టనక్కర్లేదు.

బెజవాడ_135:
చాలా థాంక్సండీ. రెండు రోల్స్ కడిగాను, ఫ్రేములు వచ్చాయి! మూడు లోపాలున్నాయి. అక్కడక్కడా నెలవంక ఆకారంలో నల్లటి గుర్తులు. పై స్పైరల్‌లో ఉన్న రోలుకి ఒక అంచున మొదటినుంచి చివరిదాకా పలచటి చార. రెండింటికీ కొన్నిచోట్ల పాలు కలిపినట్టు మసక. డెవలపరు 500 మి.లీ. పోశాను, ట్యాంకు అడుగున ఆ అంకె చూసి.

చీకటిగది:
నెలవంకలు ఎక్కించేటప్పుడు ఫిల్మ్ మడతపడ్డ చోట్లు. ఒత్తిడికి కూడా ఎమల్షన్ వెలుతురు తగిలినట్టే నల్లబడుతుంది. ఫిల్మ్‌ని రెండు అంచులు పట్టుకుని, మరీ వంచకుండా తోయండి. ఈ రోల్స్‌లో ఉన్నవి ఇక పోవు.

చార సంగతి: అడుగున ఉన్న 500 అంకె ఒక 120 రోలుకి (35 ఎం.ఎం. కంటే వెడల్పాటి ఫిల్మ్). 35 ఎం.ఎం. ఒక్కోదానికి 290, రెండిటికి 580. మీరు పోసినది పై స్పైరల్ అంచుదాకా అందలేదు, తిప్పినప్పుడు మాత్రమే తడిసింది. ఒక్క రోలే కడిగేటప్పుడు 300 చాలు, కానీ దానిపైన ఖాళీ స్పైరల్ పెట్టండి. లేకపోతే తిప్పుతున్నప్పుడు ఫిల్మ్ ఉన్న స్పైరల్ గొట్టం వెంట పైకి జారి ఇదే చార వస్తుంది.

హైపో_సీసా:
ఆ మసక ఫిక్సింగ్ చాలకపోవడం. దిగులుపడకండి, ఇది ఇప్పటికీ బాగవుతుంది. వెలుతురులోనే మళ్ళీ స్పైరల్‌కి ఎక్కించి, కొత్త ఫిక్సర్లో ఐదు నిమిషాలు తిప్పి, మళ్ళీ మొదటినుంచి కడగండి.

ఇకపై ప్రతిసారీ ఫిక్సర్ని ముందే పరీక్షించండి. కత్తిరించిన లీడరు ముక్క మీద ఒక్క చుక్క ఫిక్సరు వేసి అర నిమిషం ఆగండి. తర్వాత ముక్క మొత్తం ఫిక్సర్లో వేసి గడియారం చూడండి. చుక్క పడ్డ చోటు మిగతా ముక్కలో కలిసిపోయి కనబడకుండా పోయేదాకా పట్టిన టైముకి రెట్టింపు మీ ఫిక్సింగ్ టైము. ఆ టైము కొత్త ఫిక్సరుకి పట్టినదానికంటే రెట్టింపైందంటే సీసా మార్చాలి. 1+4 ఫిక్సరు లీటరుకి సుమారు 24 రోల్స్ వస్తాయి. సీసా మీద మార్కరుతో గీతలు పెట్టుకుంటూ వెళ్ళండి.

డెవలపరుకీ ఇలాంటి పరీక్షే ఉంది. లీడరు ముక్కని పగటి వెలుతురులో అందులో వేస్తే రెండు మూడు నిమిషాల్లో కారునలుపవ్వాలి. బూడిదరంగులో ఆగిపోతే ఆ స్టాక్‌ని నమ్మకండి. కలిపిన ఐడీ-11 నిండు సీసాలో ఆరు నెలలుంటుంది, సగం ఖాళీ అయితే నెలే. కారణం గాలి. పిల్లల గాజు గోళీలు కడిగి సీసాలో వేస్తూ మట్టం మూతిదాకా తెచ్చుకోవచ్చు, లేదా మొదట్లోనే 300 మి.లీ. సీసాలు మూడింటిలో నిండుగా పోసేసుకోండి, రెండు రోల్స్‌కి ఒక సీసా.

కరిగిన వెండి ఉంటుంది కాబట్టి పాత ఫిక్సర్ని మొక్కల్లోనో సెప్టిక్ ట్యాంకులోనో పోయొద్దు. ఒక క్యానులో పోగుచేసి, ఎక్స్-రే ఫిక్సరు నుంచి వెండి తీసేవాళ్ళు ఊళ్ళో ఉంటే ఇవ్వండి.

బెజవాడ_135:
మళ్ళీ ఫిక్స్ చేశాను, మసక పూర్తిగా పోయింది. మిగిలిన రెండు రోల్స్ 600 మి.లీ.తో రేపు పొద్దున్నే.