పక్కన నిలబడి నేర్పించాల్సిన బాధ్యత ఎవరిది?

నేను హౌస్ సర్జన్‌ని, అంటే ఎంబీబీఎస్ చివర్లో ఆసుపత్రి శిక్షణలో ఉన్నాను. మొన్న రాత్రి మూడు గంటలకు, ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరిన రోగికి సూదితో ఆ నీరు తీయాల్సి వచ్చింది. సూది పక్కటెముక పై అంచు మీదుగా పోవాలని, కింది అంచు వెంట నరం, రక్తనాళాలు ఉంటాయని చదివాను. చేయి పట్టి చూపించినవారు మాత్రం ఎవరూ లేరు. వేళ్లు వణికాయి. సీనియర్‌కు ఫోన్ చేసి, ఆయన వచ్చేదాకా ఆగాను. రోగి క్షేమంగా ఉన్నారు.

నన్ను కలచివేసింది లాగ్‌బుక్, అంటే మేం చేసి నేర్చుకున్న పనులను నమోదు చేసే పుస్తకం. నేను ఒక్కసారీ చేయని పనులకు కూడా అందులో సంతకాలున్నాయి!

అడిగితే, అధ్యాపకుల ఖాళీలను ప్రభుత్వం నింపాలని కళాశాల అంటుంది. శిక్షణ కళాశాల పని అని అధికారులు అంటారు. అమెరికా, కెనడాల్లోని 155 వైద్య కళాశాలలను పరిశీలించి అమెరికా విద్యావేత్త అబ్రహాం ఫ్లెక్స్‌నర్ 1910లో ఇచ్చిన నివేదిక కూడా ఆసుపత్రితో సరైన అనుబంధం లేని చదువునే తప్పుబట్టింది. అయినా ఇంకా ఇదే పరిస్థితి.

ఇలాంటిది ఎదుర్కొన్నవారు దయచేసి చెప్పండి: ముందు విభాగాధిపతికి రాయాలా, నేరుగా వైద్య విద్య నియంత్రణ సంస్థకా? పేరు బయటపడకుండా ఫిర్యాదు చేయగలమా? నేర్పించమని అడిగితే మార్కుల్లో ఇబ్బంది పెడతారా?