క్లోజప్‌లకి ట్రైపాడ్: ఏది కొనాలి?

బాల్కనీరైతు, హొరమావు, బెంగళూరు
కుండీలో కరివేపాకు మీద సీతాకోకచిలుక గుడ్డు పెట్టింది. ఆవగింజంత కూడా లేదు. 100 ఎంఎం మాక్రోతో (చిన్నవాటిని బాగా దగ్గర్నుంచి తీసే లెన్స్) నలభై ఫోటోలు తీశా, అన్నీ వణుకే. ఐదు వేలలో ట్రైపాడ్ ఏది? బాల్ హెడ్ (కెమెరాని ఎటైనా తిప్పి బిగించేది) చాలా, ఫోకస్ రెయిల్ (కెమెరాని కొద్దికొద్దిగా ముందుకీ వెనక్కీ జరిపే పట్టా) కూడా కావాలా?

గొల్లభామ
ఆ ధరలోదే నేనూ కొన్నా. బాల్ హెడ్ ఎంత బిగించినా లెన్స్ బరువుకి మెల్లగా కిందకి జారేది. ఫ్రేమ్ పెట్టి చెయ్యి తీస్తే పువ్వు పైకి పోయేది. ఇప్పుడు దానిమీద మా ఆవిడ టవళ్ళు ఆరేస్తోంది.

పాతకెమెరా
పదిహేనేళ్ళుగా మాక్రో తీస్తున్నా, వినండి. ముందు స్టెబిలైజేషన్, అదే చేతి వణుకు సర్దే ఏర్పాటు, ఆపారా? ట్రైపాడ్ మీద అది లేని కదలిక వెతుక్కుని అదే ఫోటో చెడగొడుతుంది. బటన్ నొక్కిన కదలిక ఆగాక తీసేలా 2 సెకన్ల టైమర్ తప్పనిసరి.

కోడ్‌కోతి
అది పాత లెన్సుల మాట సార్. ఇప్పటివి చాలావరకు ట్రైపాడ్‌ని అవే పసిగడతాయి. నేనెప్పుడూ ఆపను.

పాతకెమెరా
"చాలావరకు"లో మీది ఉందా? మాన్యువల్ చదివారా? ఫోటో పెట్టండి, 100 శాతంలో, అంటే పూర్తి సైజులో, చూద్దాం.

కోడ్‌కోతి
మీ పదిహేనేళ్ళకో దండం. ఆన్‌లో ఐదు, ఆఫ్‌లో ఐదు తీశా. ఆన్‌లో రెండు బాగున్నాయి, ఆఫ్‌లో మూడు.

పాతకెమెరా
చూశారా!

కోడ్‌కోతి
ఏం చూడాలి? మధ్యలో గాలి వీచింది.

మైసూర్‌పాక్
టవళ్ళ ఐడియా సూపర్ 😂 పార్కులో ట్రైపాడ్ కాళ్ళు విప్పీ విప్పకముందే సెక్యూరిటీ "పర్మిషన్ ఇదెయా (ఉందా) సార్?" అంటాడు. అందుకే పాత జీన్స్ కాలు కోసి, కుట్టి, కేజీ పెసలు పోశా. నేలమీద పెట్టి కెమెరా అదిమితే కదలదు. జూలై వానకి తడిసి మొలకలొచ్చాయనుకోండి, అది వేరే కథ.

పురుగులపిచ్చి
అసలు పురుగులకి ట్రైపాడ్ ఏంటండీ? అది సర్దేలోపు సాలీడు ఇల్లు ఖాళీ చేస్తుంది. ఫ్లాష్ వాడండి. తక్కువ పవర్‌లో దాని మెరుపు సెకనులో వెయ్యో వంతు కూడా ఉండదు, ఇక చేతి వణుకు ఎక్కడ కనపడుతుంది?

బాల్కనీరైతు
అది గుడ్డండీ బాబూ, ఎక్కడికీ పోదు!

పాతకెమెరా
గుడ్డు పోదు, ఆకు ఊగుతుంది. కుండీలో పుల్ల గుచ్చి రెమ్మని బట్టల క్లిప్పుతో దానికి పట్టించండి. 1:1లో (సెన్సర్ మీద వస్తువు అసలు సైజులో పడేంత దగ్గర్లో) లెన్స్ రంధ్రం ఎఫ్ 8కి పెడితే ఫోకస్ పట్టేది ఓ మిల్లీమీటరే, వెలుతురేమో ఇంకా చిన్న రంధ్రం, ఎఫ్ 16కి పడినంతే. లైవ్ వ్యూలో (కెమెరా వెనక తెరమీద) 10 రెట్లు పెంచి, ఫోకస్ చేత్తో తిప్పండి. ట్రైపాడ్ మధ్య కాలమ్ (నిలువు కడ్డీ) పైకి లేపొద్దు.

మైసూర్‌పాక్
కాలమ్ కింద కొక్కేనికి బ్యాగ్ తగిలించండి, బరువుంటుంది.

గొల్లభామ
తగిలిస్తే గాలికి అదే ఊగి ట్రైపాడ్‌ని కూడా ఊపింది నాకు. బ్యాగ్ నేలకి ఆనుతూ ఉండాలి.

బాల్కనీరైతు
పక్క ఫ్లాట్ వాళ్ళ ట్రైపాడ్ అడిగి తెచ్చా. క్లిప్పు, టైమర్ పెడితే గుడ్డు మీద గరుకు కూడా కనిపించింది! కానీ ఈ పొద్దున గుడ్డు లేదు. ఆకు అంచున పిట్టరెట్టలాంటి పురుగు పాకుతోంది. మళ్ళీ అడుగుతున్నా, ఐదు వేలలో ట్రైపాడ్ ఏది?

పురుగులపిచ్చి
పాకుతోందిగా. ఫ్లాష్ కొనండి.