ఇయన్ హోల్మ్: బిల్బో, ఆష్ కాకుండా ఇంకేం చూడాలి?

శ్రీను_కాకినాడ:
అందరికీ నమస్తే. లార్డ్ ఆఫ్ ది రింగ్స్‌లో బిల్బో, ఏలియన్‌లో సైన్స్ ఆఫీసర్ ఆష్, రెండూ ఒకే మనిషి అని నాకు నిన్నటిదాకా తెలియదు. రెండు సినిమాలూ పదేసి సార్లు చూసినవాణ్ణి. ఇప్పుడు ఆయనవన్నీ వరుసగా చూద్దామనుకుంటున్నాను. ఎక్కడ మొదలుపెట్టాలి? రేడియోలో ఫ్రోడోగా చేశారంటున్నారు, నిజమేనా, ఆ రికార్డింగ్ ఎక్కడ దొరుకుతుంది? 1976లో నాటకం మధ్యలో వదిలేసి వెళ్ళిపోయారట, ఎందుకు?

పద్మ_క్రాయ్డన్:
సినిమాల సంగతి తర్వాత, ముందు షేక్స్పియర్ నాటకం ‘కింగ్ లియర్’లో ఆయన వేసిన లియర్ రాజు గురించి చెప్పనివ్వండి. 1997లో నేను ఇక్కడికి, లండన్‌కి, వచ్చిన కొత్త. ఆఫీసులో ఒకావిడ టికెట్ మిగిలిందని నేషనల్ థియేటర్‌కి తీసుకెళ్ళింది. అప్పట్లో కాటెస్లో అనేవారు, అందులోకెల్లా చిన్న హాలు, నటుడు ఊపిరి తీసుకున్నా మనకి వినపడుతుంది. తుఫాను సీన్లో ఒంటిమీద బట్టలన్నీ పీకేసి నూలుపోగు లేకుండా నిలబడ్డారు. అప్పటికి 65 ఏళ్ళు, పొట్టి మనిషి. ఆఖరి రోజుల్లో మా తాతయ్యకి అందరం కలిసి స్నానం చేయించడం గుర్తొచ్చి ఇంటర్వెల్లో ఏడ్చేశాను. ఆ వేషానికే ఆలివియర్ అవార్డు, అంటే ఇక్కడి నాటకాల పెద్ద అవార్డు, వచ్చింది. టీవీకి కూడా తీశారు, అది చూడండి. అన్నట్టు పేరు ‘హోమ్’ అని పలకాలి, మధ్యలో ‘ల’ వినపడదు.

పరిషత్_రాజు:
32 ఏళ్ళుగా పరిషత్తు నాటకాలు వేస్తున్నాను, ఉత్తమ నటుడు మూడుసార్లు తీసుకున్నాను, కాబట్టి ఈ మూడో ప్రశ్నకి జవాబు చెప్పే అర్హత నాకుంది. రాయల్ షేక్స్పియర్ కంపెనీలో ‘ది ఐస్‌మ్యాన్ కమెత్’ వేస్తూ ప్రివ్యూల్లోనే, అంటే అసలు ప్రారంభానికి ముందు వేసే ప్రదర్శనల్లోనే, ఆపేశారు. స్టేజి భయం. ఆ తర్వాత పదిహేనేళ్ళకు పైగా నాటకానికి దాదాపు దూరంగానే ఉన్నారు. గొప్ప నటుడే, కాదనను. కానీ పాఠం నోటికొచ్చి, రిహార్సల్స్ సరిగ్గా చేసినవాడికి భయం రాదు. తోటి నటుల్ని నట్టేట్లో వదిలేసి వెళ్ళడం మాత్రం తప్పే.

తెనాలి_సూర్యం:
రాజుగారూ, మీ అనుభవం మీద గౌరవం ఉంది గానీ ఈ మాట వెనక్కి తీసుకోండి. ఆయనకి ప్రాక్టీసు లేదా? 1954లో షేక్స్పియర్ ఊరు స్ట్రాట్‌ఫర్డ్‌లో ఈటె పట్టుకుని నిలబడే వేషాలతో మొదలై, పదేళ్ళకల్లా అక్కడే ఐదో హెన్రీ, మూడో రిచర్డ్ వేసిన మనిషి. నాటక రచయిత పింటర్ రాసిన ‘హోమ్‌కమింగ్’లో లెన్నీ వేషానికి 1967లో న్యూయార్క్‌లో టోనీ అవార్డు తెచ్చుకున్నారు. అలాంటి మనిషి మేకప్ రూములో నేలమీద ముడుచుకుని పడుకుండిపోయారంటే అది పాఠం రాక కాదు.

నాకెలా తెలుసంటే నాకూ జరిగింది. 2009, పక్క ఊళ్ళో పరిషత్తు. ఆ నాటకం అప్పటికి అరవైసార్లు వేసి ఉంటాను. మూడో సీన్లో కూతురు వేషం అమ్మాయి కాఫీ గ్లాసు చేతికిచ్చి ‘ఏం నాన్నా, మాట్లాడవేం’ అంది. తర్వాత డైలాగు నాది. గ్లాసు మీద కంపెనీ స్టిక్కరు సగం చిరిగి ఉంది, అది ఇవాళ్టికీ కళ్ళముందు ఉంది. డైలాగు మాత్రం లేదు. ప్రాంప్టర్ పక్కనుంచి మూడుసార్లు అందించాడు, వినపడింది, కానీ తెలియని భాషేదో వింటున్నట్టు ఉంది. తెర దించేశారు. నిర్వాహకుల్లో ఒకాయన మైకులోనే ‘నటుడు పాఠం మర్చిపోయాడు’ అని చెప్పాడు. మళ్ళీ నేను స్టేజి ఎక్కలేదు.

పరిషత్_రాజు:
మీకు జరిగినదానికి బాధగా ఉంది. కానీ ఆయన వెళ్ళిపోతే ఆ వేషం ఇంకొకరు నెత్తినేసుకోవాల్సి వచ్చింది కదా, వాళ్ళ టెన్షన్ సంగతేంటి? సురభి వాళ్ళని చూడండి. తల్లి వేషంలో ఉండగా నొప్పులొచ్చి స్టేజి మీదే కమలాబాయి పుట్టారు. అదీ నాటకమంటే.

తెనాలి_సూర్యం:
పురిటినొప్పులకీ దీనికీ పోలికేంటండీ? ఆ తల్లికి దణ్ణం పెడతాను, అంతమాత్రాన భయపడ్డవాణ్ణి తిడతారా? మీలాంటివాళ్ళ వల్లే ఎవరూ ఈ మాట బయటికి చెప్పుకోరు.

వరంగల్_కిరణ్:
ఇద్దరూ కొంచెం ఆగండి. శ్రీను అన్నా, నువ్వు ‘చారియట్స్ ఆఫ్ ఫైర్’తో మొదలుపెట్టు. కోచ్ ముస్సబీని వేషం. డబ్బు తీసుకుని నేర్పేవాళ్ళని అప్పట్లో ఒలింపిక్స్‌లో చిన్నచూపు చూసేవాళ్ళు కాబట్టి 1924 ఒలింపిక్స్‌లో తన శిష్యుడు పరిగెడుతుంటే ఆయన స్టేడియం బయట హోటల్ గదిలో ఒక్కడే ఉంటాడు. పరుగు కనపడదు. కిటికీలోంచి జెండా పైకి లేవడం కనపడుతుంది, జాతీయగీతం వినపడుతుంది. మంచం మీద కూర్చుని చేతిలో ఉన్న గడ్డిటోపీలోకి ఒక్క గుద్దు గుద్దుతాడు, పిడికిలి అటువైపు వచ్చేస్తుంది. ‘నా బిడ్డ’ అంటాడు, అంతే. దీనికి కాన్స్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో అవార్డు, బ్రిటిష్ సినిమా అవార్డు బాఫ్టా వచ్చాయి, ఆస్కార్ మాత్రం జాన్ గీల్‌గుడ్‌కి పోయింది, ఆ కోపం నాకు ఇంకా తగ్గలేదు.

విజయ_బెజవాడ:
నాకు గుమ్మడిగారు గుర్తొస్తున్నారు. ఎన్టీఆర్, ఏఎన్నార్ ఇద్దరికన్నా చిన్నవారైనా వాళ్ళకి తండ్రిగా వేశారు. మనవాళ్ళు ‘క్యారెక్టర్ ఆర్టిస్ట్’ అంటే హీరో తండ్రి, హీరోయిన్ బాబాయి అనే లెక్కలోనే ఉంటారు. హోల్మ్‌ని చూడండి, స్టేజి మీద ఐదో హెన్రీ రాజుగా వేసి, పాతికేళ్ళ తర్వాత అదే కథ సినిమాగా వస్తే అందులో కెప్టెన్ ఫ్లూయెలెన్‌గా చిన్న వేషం వేశారు. మన దగ్గర హీరో వేషాలు వేసినవాళ్ళు అలా ఒప్పుకుంటారా?

వరంగల్_కిరణ్:
ఒప్పుకున్నవాళ్ళు బోలెడుమంది ఉన్నారక్కా, అది వేరే చర్చ. నెపోలియన్‌గా మూడుసార్లు చేశారు, అది ఎవరూ చెప్పలేదు. ‘టైమ్ బ్యాండిట్స్’లోది మిస్సవ్వకండి.

పద్మ_క్రాయ్డన్:
రాజుగారూ, ఆయన పారిపోయి అలాగే ఉండిపోలేదు. 1993లో లండన్‌లోని ఆల్మీడా థియేటర్‌లో పింటర్ ‘మూన్‌లైట్’తో మళ్ళీ స్టేజి ఎక్కారు. నేను చూసిన లియర్ ఆ తర్వాతిదే. అంత భయపడ్డ మనిషి బట్టల్లేకుండా అంత దగ్గరగా జనం ముందు నిలబడ్డారు. దాన్ని మీరేమంటారు?

పరిషత్_రాజు:
తిరిగి రావడాన్ని తప్పుపట్టలేదమ్మా. వదిలి వెళ్ళడం గురించే అన్నాను. ఆ మాట మీదే ఉన్నాను.

శ్రీను_కాకినాడ:
టోపీ సీను రాత్రి చూశాను, కిరణ్ చెప్పినట్టే ఉంది, రెండుసార్లు వెనక్కి తిప్పి చూశాను. రేడియో సంగతి ఎవరికైనా తెలుసా?

వరంగల్_కిరణ్:
నిజమే. 1981లో బీబీసీ రేడియో, 26 భాగాలు, ఫ్రోడో ఆయనే. ఇరవై ఏళ్ళ తర్వాత బిల్బో. ఆడియోబుక్‌గా అమ్ముతారు.

తెనాలి_సూర్యం:
పద్మగారూ, మీరు చెప్పిన లియర్ టీవీది నిన్న పెట్టాను. తుఫాను సీను దగ్గర ఆపేశాను. మిగతాది ఇవాళ రాత్రి చూస్తాను.