పిల్లికి ఎఫ్‌ఐపీ: మందు 42 రోజులకే ఆపేయొచ్చా?

ప్రశ్న
మా పిల్లికి పది నెలలు. యాంటీబయాటిక్ వేసినా జ్వరం తగ్గలేదు, వెన్నుపూస చేతికి తగిలేంత చిక్కిపోయింది, పొట్ట మాత్రం ఉబ్బింది. డాక్టర్ సూదితో నీరు తీస్తే పసుపుపచ్చగా, తీగలు సాగేంత జిగటగా వచ్చింది. పరీక్షలన్నీ చూసి ఎఫ్‌ఐపీ (పిల్లుల్లో కరోనావైరస్ వల్ల వచ్చే ప్రమాదకరమైన జబ్బు) అన్నారు. జీఎస్-441524 అనే వైరస్ మందు మాత్రలు మొదలుపెట్టాక జ్వరం పోయింది, ఇప్పుడు కర్టెన్లెక్కి ఆడుతోంది. 84 రోజులు వేయాలన్నారు, కానీ 42 రోజులు చాలని కొత్త పరిశోధన వచ్చిందట. ఆపేయొచ్చా? ఇంకో పిల్లి కూడా ఉంది, దానికి అంటుకుంటుందేమోనని ఒకటే టెన్షన్.

జవాబు 1
ఆడుతోంది కదా అని మాత్రం ఆపకండి, దయచేసి. ఈ మందుతో పిల్లులు తేరుకునేది చాలా త్వరగా, ఒంట్లోంచి వైరస్ పోవడానికి మాత్రం టైం పడుతుంది. 2019లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం (డేవిస్)లో నీల్స్ పెడర్సన్ బృందం 31 పిల్లులకు ఈ మందు ఇంజెక్షన్లు ఇస్తే 26 పిల్లులు 12 వారాల కోర్సు పూర్తిచేశాయి, వాటిలో 8 పిల్లులకు జబ్బు తిరగబెట్టింది. అలా తిరగబెట్టినవాటిలో ఎక్కువ పిల్లులు డోసు పెంచాకే నిలబడ్డాయి. అందుకే వారం వారం బరువు తూచి, పెరిగినకొద్దీ డోసు సరిచేయించండి. చిక్కిపోయిన పిల్లి తినడం మొదలెడితే బరువు ఇట్టే పెరుగుతుంది, పాత డోసు చాలదు.

జవాబు 2
మీరు విన్నది నిజమే. 2024లో జర్మనీ పరిశోధకులు 40 పిల్లుల్లో సగానికి 42 రోజులు, సగానికి 84 రోజులు మందు ఇచ్చారు, మొత్తం 38 కోలుకున్నాయి, రెండు పద్ధతులకూ ఫలితంలో తేడా రాలేదు. నాకు ఇది చాలా పెద్ద ఊరట అనిపించింది. కాకపోతే అవన్నీ పొట్టలోనో ఛాతీలోనో నీరు చేరిన కేసులే, పైగా మందు వాడినన్నాళ్లూ రక్తపరీక్షలు చేస్తూ వచ్చారు. మీదీ నీరు చేరిన రకమే కాబట్టి డాక్టర్‌ని ధైర్యంగా అడగండి. ఆరో వారంలో రక్తపరీక్ష, స్కానింగ్ చేయించి, ఆల్బుమిన్-గ్లోబులిన్ (రక్తంలోని రెండు రకాల ప్రొటీన్లు) నిష్పత్తి మామూలుకొచ్చి, నీరు పూర్తిగా పోయిందంటే అప్పుడు ఆయన నిర్ణయిస్తారు. మీ అంతట మీరు ఆపొద్దు.

జవాబు 3
రెండో పిల్లి గురించి: ఒక పిల్లి నుంచి ఇంకోదానికి మలం ద్వారా సోకేది పిల్లులకు వచ్చే మామూలు కరోనావైరస్, అది చాలా పిల్లుల్లో ఉండేదే. అది ఏదో ఒక పిల్లి ఒంట్లో మార్పు చెందితేనే ఎఫ్‌ఐపీ వస్తుంది. కలిసి పెరిగాయంటే రెండోదానికి ఆ మామూలు వైరస్ ఇప్పటికే సోకే ఉంటుంది, ఇప్పుడు విడదీసి పెద్దగా లాభం లేదు. లిట్టర్ ట్రేలు మాత్రం వేర్వేరుగా పెట్టి రోజూ శుభ్రం చేయండి.

ఇంకొకటి, నడక తూలినా, కంట్లో మసక కనిపించినా ఆ రోజే డాక్టర్‌కి చెప్పండి. మెదడుకీ కంటికీ ఈ మందు తక్కువగా చేరుతుంది, అలాంటి కేసుల్లో డోసు ఎక్కువ కావాలి.