మూడున్నరేళ్ల పాపకు తెల్లవారుజామున దగ్గు, పిల్లికూతలు. పంపు (ఇన్‌హేలర్) మొదలుపెట్టాలా?

ఆదోని అమ్మ

అందరికీ నమస్కారం. మా బీరువా పై అరలో ఒక కవర్ ఉంది. అందులో రెండు పంపులు, మాస్కు ఉన్న ఒక స్పేసర్ (పంపుకు తగిలించి మందు పీల్పించే గొట్టం). డాక్టరు గారు రాసిచ్చి ఈ బేస్తవారానికి తొమ్మిది రోజులైంది. ఇంకా సీలు కూడా విప్పలేదు. విప్పాలా వద్దా అని అడగడానికే రాస్తున్నాను.

మా పాపకు మూడున్నరేళ్లు. పోయిన ఏడాది పత్తి సీజన్‌లో మొదలైంది. మాకు ఆదోనిలో ఆ నెలల్లో ఎటు చూసినా పత్తి బండ్లే, గాలిలో దూది పోగులే. జలుబు చేస్తుంది, నాలుగు రోజుల్లో ముక్కు తగ్గిపోతుంది, దగ్గు మాత్రం మూడు వారాలైనా పోదు. పగలంతా బాగానే ఆడుకుంటుంది. రాత్రి రెండు, మూడు గంటల మధ్య లేచి కూర్చుని దగ్గుతుంది. దగ్గి దగ్గి తిన్నదంతా కక్కేస్తుంది. వీపు మీద చెవి పెడితే సన్నగా పిల్లికూతలు వినబడతాయి. ఏడ్చినా, గట్టిగా నవ్వినా కూడా దగ్గే. మొన్న వాళ్ల బాబాయి కితకితలు పెడితే నవ్వుతూ నవ్వుతూనే ఎగపోసింది. నవ్వితే కూడా భయపడాల్సి వస్తోందే అని ఆ రోజు చాలా ఏడ్చాను.

ఇప్పటికి ఐదుసార్లు ఇలా అయింది. ప్రతిసారీ నెమ్ము అన్నారు, యాంటీబయాటిక్ రాశారు. ఒకచోట రెండు పూటలా సూదులు వేశారు. దగ్గు మందు సీసాలు ఏడు అయ్యాయి, వరసగా కిటికీలో ఉన్నాయి. మేం పొద్దున పదింటికి తీసుకెళ్లేసరికి ఛాతీలో ఏ శబ్దమూ ఉండదు. "ఏం లేదమ్మా, నువ్వే ఎక్కువ టెన్షన్ పడుతున్నావ్" అని పంపించేవారు. రాత్రంతా మేలుకున్న తల్లికి ఆ మాట ఎట్లుంటుందో మీకు తెలుసు.

పోయిన నెల ఒక రాత్రి పాప గౌను తీసేసి, ఫోన్ టార్చ్ వెలుగులో ఒక నిమిషం వీడియో తీశాను. గొంతు కింద గుంట ఊపిరి పీల్చినప్పుడల్లా లోపలికి పోతోంది, డొక్కలు ఎగరేస్తోంది. ఆ వీడియో పట్టుకుని కర్నూలులో ఒక పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్లాం. ఆయన రెండుసార్లు చూశారు. ఇంట్లో ఎవరికైనా ఆయాసం ఉందా అని అడిగారు. మా అత్తమ్మకు ఉబ్బసం ఉంది. నాకు చిన్నప్పుడు మోకాళ్ల వెనక దురద, తామర ఉండేవి. మా ఆయన పత్తి జిన్నింగ్ మిల్లులో పని చేస్తారు. అన్నీ రాసుకున్నారు. ఆ రోజు పాపకు కొంచెం కూతలు ఉంటే అక్కడే స్పేసర్‌తో సాల్బుటమాల్ (ఆయాసం వెంటనే తగ్గించే మందు) నాలుగు పఫ్‌లు (నొక్కులు) ఇప్పించి, ఇరవై నిమిషాలాగి మళ్లీ విన్నారు. తగ్గిపోయింది. "ఇది ఆస్తమా కావచ్చు. గట్టిగా ఊదించి చేసే పరీక్ష ఐదారేళ్లు వస్తేగానీ చేయలేం. అందుకని మూడు నెలలు రోజూ బ్యుడెసొనైడ్ అనే స్టెరాయిడ్ పంపు వాడి చూద్దాం. బాగా తగ్గి, ఆపితే మళ్లీ వస్తే అదే మనకు పరీక్ష" అన్నారు.

ఇంటికొచ్చాక అందరూ తలా ఒక మాట. పంపు అలవాటైతే జీవితాంతం వదలదంటారు. స్టెరాయిడ్ అంట, పిల్ల ఎదగదంటారు. అత్తమ్మ అయితే "ఆడపిల్లకు ఉబ్బసం అని బయట అనొద్దు, జూన్‌లో మృగశిర కార్తెకు హైదరాబాద్ పోయి చేపమందు వేయిద్దాం" అంటోంది. ఆమె చెడు కోరి అనడం లేదు, తను పడిన బాధ మనవరాలు పడకూడదనే. నాకే ఏం చేయాలో తోచడం లేదు. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

యర్రగుంట్ల అక్క

చెల్లీ, ఈ రాత్రికే సీలు విప్పు.

మా బాబుకు ఇప్పుడు తొమ్మిదేళ్లు. వాడికి నాలుగేళ్లప్పుడు నీలాగే నేనూ పంపును దాచిపెట్టాను. నువ్వు తొమ్మిది రోజులు, నేను నాలుగు నెలలు. మా వారు నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీలో పని చేసేవారు, ఒళ్లంతా తెల్లటి దుమ్ముతో వచ్చి, ఆ చొక్కాతోనే బాబును ఎత్తుకునేవారు. దీపావళి మరుసటి రాత్రి వాడికి మాట రాలేదు. "అమ్మా" అనడానికి కూడా ఊపిరి చాల్లేదు. కడపలో రెండు రోజులు ఆక్సిజన్ మీద ఉన్నాడు. ఆ నాలుగు నెలలు నేను పంపు వాడి ఉంటే అనే మాట ఇప్పటికీ నన్ను వదల్లేదు.

అలవాటు గురించి భయపడకు. కళ్లద్దాలు పెట్టుకుంటే కళ్లు అలవాటు పడతాయా? అవసరం ఉన్నన్నాళ్లు వాడతాం, అంతే. స్టెరాయిడ్ సంగతి మా డాక్టరమ్మ నాకు కాగితం మీద లెక్క వేసి చూపించారు. నోటికి వేసే స్టెరాయిడ్ సిరప్ మిల్లీగ్రాముల్లో ఉంటుంది, పంపులో ఒక పఫ్‌కు 100 లేదా 200 మైక్రోగ్రాములు. వెయ్యి మైక్రోగ్రాములైతే ఒక మిల్లీగ్రాము. అదీ నేరుగా ఊపిరితిత్తుల్లోకే పోతుంది. ఎత్తులో తేడా వచ్చినా ఒక సెంటీమీటరు అటూ ఇటూ అని, ప్రతి విజిట్‌కూ గోడకు నిలబెట్టి కొలిచేవారు. మా వాడు ఇప్పుడు క్లాసులో వెనక బెంచీలో కూర్చునేంత పొడుగు.

ఇక పంపు పట్టే విధానం, ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు. బాగా కుదిపి స్పేసర్‌కు తగిలించు. మాస్కు ముక్కూ నోరూ రెండూ కప్పేలా, పక్కల నుంచి గాలి పోకుండా ఆనించు. ఒక్క పఫ్ నొక్కు, ఐదారు ఊపిరులు తీసుకునేదాకా అలాగే ఉంచు. రెండో పఫ్‌కు మళ్లీ కుదుపు. రెండూ ఒకేసారి నొక్కొద్దు. ఏడుస్తున్న పిల్లకు బలవంతంగా పట్టుకుని పెడితే మందు సగం కూడా లోపలికి పోదు. మేం మొదటి వారం మందు లేకుండా ఉత్త మాస్కుతో ఏనుగు ఆట ఆడాం, బొమ్మకు పెట్టాం, వాళ్ల నాన్నకు పెట్టాం. అయితే నువ్వు ఆట కోసం మందు ఆపొద్దు, రెండూ కలిపే నడిపించు. స్టెరాయిడ్ పంపు అయ్యాక మొహం తుడిచి, నోరు పుక్కిలించి ఉమ్మించాలి, లేకుంటే నాలుక మీద తెల్లటి పూత వస్తుంది. స్పేసర్‌ను వారానికోసారి గిన్నెల సబ్బు కలిపిన నీళ్లలో ముంచి, గుడ్డతో తుడవకుండా నీడలో ఆరబెట్టు. తుడిస్తే లోపల గోడలకు మందు అతుక్కుంటుంది.

కొత్త డబ్బా తీసిన రోజు దాని మీద తేదీ రాయి. 200 పఫ్‌లు ఉండే డబ్బా రోజుకు రెండు చొప్పున వంద రోజులు వస్తుంది. మందు అయిపోయినా గాలి మాత్రం తుస్సుమంటూనే ఉంటుంది, ఆ శబ్దం నమ్మి నేను ఒకసారి రెండు వారాలు ఖాళీ డబ్బా వాడాను.

ఇంకొకటి, పాప దేని మీద పడుకుంటుంది? మా వాడు మా జేజి పాత చీరలతో కుట్టిన బొంత మీద పడుకునేవాడు. ఎంత మెత్తగా ఉండేదో, అంత దుమ్ము ఉండేది. దులిపితే ఎండ వెలుగులో పొగలా లేచేది. దాన్ని పారేయడానికి మనసొప్పలేదు, చెక్కపెట్టెలో పెట్టాం. ఇప్పుడు ఉతకగలిగే పలచటి దుప్పట్లే, వారం వారం మరిగే నీళ్లలో నానబెట్టి ఉతుకుతాను. దోమల కాయిల్ మానేసి తెర కట్టుకున్నాం. కసువు ఊడ్చేటప్పుడు, మిరపకాయలు వేయించేటప్పుడు బాబు బయట ఉంటాడు. మీ ఆయన్ని మిల్లు నుంచి రాగానే స్నానం చేసి, చొక్కా మార్చుకుని, అప్పుడే పాపను ఎత్తుకోమను.

పిల్లల వార్డు నర్సు, అనంతపురం

అమ్మా, ఆ వీడియో తీయడం చాలా మంచి పని. ఆ డాక్టరు గారు చెప్పిన పద్ధతి సరైనదే. జలుబు చేసినప్పుడు మాత్రమే కూతలు వచ్చే పిల్లలు చాలామందికి ఆరేళ్లు దాటేసరికి తగ్గిపోతుంది. మీ పాపకు నవ్వినప్పుడు, ఏడ్చినప్పుడు, రాత్రుళ్లు కూడా వస్తోంది, మీ అత్తగారికి ఉబ్బసం, మీకు తామర ఉన్నాయి. అందుకే ఆయన ఆస్తమా వైపు మొగ్గారు.

నేను వార్డులో ప్రతి తల్లికీ నేర్పేది ఊపిరి లెక్కపెట్టడం. పాప నిద్రలో ఉన్నప్పుడు గౌను పైకెత్తి, పూర్తిగా ఒక నిమిషం పొట్ట లేచి దిగడం లెక్కించండి. ఏడాది నుంచి ఐదేళ్ల పిల్లల్లో నిమిషానికి 40 లేదా అంతకంటే ఎక్కువ ఉంటే అది వేగంగా పీల్చడమే. డొక్కలు లోపలికి పోతున్నా, మాట మధ్యలో ఆగుతున్నా, నీళ్లు తాగలేకపోతున్నా, పెదవులు నీలంగా మారినా, మగతగా వాలిపోతున్నా తెల్లవారేదాకా ఆగొద్దు. 108కి ఫోన్ చేసి, బండి వచ్చేదాకా సాల్బుటమాల్ ఇస్తూ ఉండండి. పెద్దగా ఆయాసపడుతున్న పిల్లకు కూతలు ఉన్నట్టుండి ఆగిపోయి, పిల్ల నీరసించిందంటే అది తగ్గినట్టు కాదు. గాలి ఆడడం లేదని అర్థం. ఈ ఒక్కటి గుర్తుపెట్టుకోండి.

ఇంట్లో ఎంత ఇవ్వాలో డాక్టరు చేత కాగితం మీద రాయించుకోండి. ఈ వయసుకు మామూలుగా ఒక్కోసారి 2 నుంచి 6 పఫ్‌లు, మొదటి గంటలో 20 నిమిషాలకోసారి ఇవ్వమని రాస్తారు. దానితో తగ్గకపోయినా, తగ్గి మూడు గంటలు కూడా నిలవకపోయినా ఆసుపత్రికి రావాలి. రెండు పంపులు ఉన్నాయి కదా, రంగు చూసి కాదు, పేరు చదివి వాడండి. బ్యుడెసొనైడ్ రోజూ వాడేది, ఆయాసం వచ్చినప్పుడు అది వెంటనే పనిచేయదు. స్పేసర్‌తో సరిగ్గా ఇస్తే పంపు నెబులైజర్‌కు (మందును ఆవిరిలా చేసి పీల్పించే మిషన్) తీసిపోదు, ప్రతిసారీ గ్యాస్ పెట్టించుకోవడానికి పరుగెత్తక్కర్లేదు. ఆ ఏడు సీసాలు పారబోయండి. జలుబు సిరప్‌లలో ఎక్కువగా ఉండే క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిపిన మందును నాలుగేళ్లలోపు పిల్లలకు వాడొద్దని 2023 డిసెంబరులోనే కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ చెప్పింది.

అందరి కోసం ఇంకో మాట. కూతలన్నీ ఆస్తమా కాదు. మన జిల్లాల్లో ప్రతి ఇంట్లో బుడ్డలు (వేరుశనగలు) ఉంటాయి. బాగా ఆడుకుంటున్న పిల్ల బుడ్డలు తింటూ ఉన్నట్టుండి ఉక్కిరిబిక్కిరై దగ్గి, ఆ తర్వాత ఒకవైపే కూతలు వస్తుంటే గింజ ఊపిరిగొట్టంలో ఉండిపోయి ఉండొచ్చు. దానికి పంపు పనిచేయదు, గొట్టం వేసి తీయాలి. అలాగే రెండు వారాలు దాటిన దగ్గుతో పాటు జ్వరం, బరువు తగ్గడం ఉన్నా, ఇంట్లో ఎవరికైనా టీబీ ఉన్నా ఆ పరీక్ష చేయించాలి. పుట్టినప్పటి నుంచే కూతలు, బరువు పెరగకపోవడం ఉంటే అది వేరే జబ్బు కావచ్చు.

నంద్యాల నుంచి ఒక తండ్రి

తల్లీ, నాకు చిన్నప్పటి నుంచి ఆస్తమా. మా నాయన నన్ను మూడేళ్లు వరసగా చేపమందుకు తీసుకుపోయాడు, రాత్రి రైల్లో, జనంలో భుజాల మీద ఎక్కించుకుని. ఆ ప్రేమను నేను తక్కువ చేసి మాట్లాడను. కానీ నా ఆయాసం దానితో పోలేదు. రోజూ పంపు మొదలుపెట్టాకే నేను రాత్రి పూర్తిగా నిద్రపోవడం నేర్చుకున్నాను. మూడున్నరేళ్ల పిల్లకు బతికున్న కొర్రమీను పిల్లను మింగించడం, అదీ దగ్గే పిల్లకు, నాకు మటుకు భయం. అత్తమ్మ గారిని బాధపెట్టకుండా "జూన్ దాకా ఇది వాడదాం" అని చెప్పండి. ఆమెకూ ఒకసారి డాక్టరుకు చూపించి పంపు రాయించండి. పెద్దావిడ తన ఊపిరి తేలికైతే మనవరాలి పంపును కాదనదు.

బయట చెప్పొద్దు అంటారు. నా ఆస్తమా సంగతి దాచి ఉంటే స్కూల్లో పరుగు పందెంలో పడిపోయిన రోజు మా సారుకు ఏం చేయాలో తెలిసేది కాదు.

ఆదోని అమ్మ

ఐదు వారాల తర్వాత రాస్తున్నాను, ఆలస్యానికి క్షమించండి. మీరందరూ చెప్పిన రాత్రే మొదలుపెట్టాను. మొదటి పది రోజులు పెద్ద మార్పు లేదు, మళ్లీ మనసు కలవరపడింది. యర్రగుంట్ల అక్క కోసం ఇది రాస్తున్నా: వంటింట్లో క్యాలెండర్ మీద దగ్గిన రాత్రికి ఎర్ర చుక్క పెడుతున్నాను. మొదటి రెండు వారాల్లో తొమ్మిది చుక్కలు. తర్వాతి మూడు వారాల్లో రెండే, అవి కూడా పక్కింటి గోడకు సున్నం వేసిన రోజుల్లో.

బొంత మిద్దె మీద పెట్టెలోకి పోయింది. మా ఆయన వాకిట్లోనే చొక్కా విప్పేస్తున్నారు. నర్సమ్మ గారు చెప్పినట్టు నిద్రలో లెక్కపెడితే 26 ఉంది, రెండుసార్లు లెక్కపెట్టాను. అత్తమ్మను కూడా డాక్టరుకు చూపించాం, ఆమెకూ పంపు ఇచ్చారు. ఇప్పుడు పొద్దున పాపకు మాస్కు పట్టేది ఆమెనే. "ఒకటి, రెండు, మూడు" అని ఊపిరులు గట్టిగా లెక్కపెడుతుంది, ఆరు అనగానే పాప మాస్కు తీసి అవ్వకు పెడుతుంది.

ఇంకొక సందేహం. వచ్చే నెల నుంచి అంగన్‌వాడీకి పంపుదాం అనుకుంటున్నాం. సాల్బుటమాల్ పంపు, స్పేసర్ అక్కడ టీచరమ్మకు ఇచ్చి నేర్పించినవాళ్లు ఎవరైనా ఉన్నారా? కాగితం మీద ఏమేం రాసి ఇచ్చారో చెప్పండి.