మిట్టమధ్యాహ్నపు నీడ ఉత్తరాన్నే చూపుతుందా? మన పిల్లలకు ఏ పద్ధతి నేర్పాలి?

కృష్ణలంక కార్యకర్త:
మా వీధి పిల్లలను, ఎనిమిది, తొమ్మిది తరగతులు పూర్తి చేసినవారిని, మే నెల మొదటి వారంలో విజయవాడ దగ్గరి మూలపాడు కొండల వైపు ఒక పగటి శిబిరానికి తీసుకువెళ్లాలని అనుకుంటున్నాము. పరికరాలు లేకుండా దిక్కులు తెలుసుకోవడం అందులో ఒక పాఠం. మా చేతికి వచ్చిన కరపత్రంలో రెండు సూత్రాలు ఉన్నాయి. సరిగ్గా పన్నెండు గంటలకు నిలువు కర్ర నీడ ఉత్తరానికి పడుతుందన్నది మొదటిది. చేతి గడియారంలో గంటల ముల్లును సూర్యుడి వైపు తిప్పి, ఆ ముల్లుకూ పన్నెండు అంకెకూ మధ్యనున్న కోణాన్ని సగం చేస్తే ఆ గీత దక్షిణాన్ని చూపుతుందన్నది రెండవది. ఈ రెండూ నేర్పుదామని మాలో కొందరంటున్నారు. ప్రతి ఇంట్లో ఫోను ఉన్న రోజుల్లో ఈ పాఠమే అనవసరమని మరికొందరంటున్నారు. అనుభవం ఉన్నవారు తమ అభిప్రాయాన్ని కారణాలతో సహా తెలియజేయవలసిందిగా కోరుతున్నాను.

గుంటూరు లెక్కల మాస్టారు:
ఈ కరపత్రాన్ని మే నెలలో పిల్లల చేతికి ఇవ్వవద్దని నా గట్టి అభిప్రాయం. అందులోని సూత్రాలు కర్కటరేఖకు బాగా ఎగువన, ఏడాది పొడవునా మధ్యాహ్నపు సూర్యుడు దక్షిణాన్నే ఉండే దేశాల కోసం ఏర్పడినవి. విజయవాడ అక్షాంశం సుమారు 16.5 డిగ్రీలు, గుంటూరుది సుమారు 16.3. సూర్యుడు జూన్ నాటికి 23.4 డిగ్రీల దాకా ఉత్తరానికి వస్తాడు కనుక, మే 6 ప్రాంతంలో మన నడినెత్తిని దాటి, ఆగస్టు 7 ప్రాంతంలో తిరిగి దక్షిణానికి మళ్లేదాకా, ఆ మూడు నెలలూ మధ్యాహ్నం వేళ మనకు ఉత్తరాన్నే ఉంటాడు. అప్పుడు నీడ పడేది దక్షిణానికి. ఒక మీటరు కర్రకు జూన్ 21న మధ్యాహ్నపు నీడ సుమారు 12 సెంటీమీటర్లు, దక్షిణం వైపు. డిసెంబరు 21న అదే కర్రకు సుమారు 84 సెంటీమీటర్లు, ఉత్తరం వైపు. మీరు ఎంచుకున్న వారంలోనైతే నీడ కర్ర మొదట్లోనే అణిగిపోతుంది, ఏ దిక్కునూ చూపదు.

పన్నెండు గంటలన్న మాటలో కూడా చిక్కు ఉంది. మన గడియారాలు 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశానికి పెట్టినవి, విజయవాడ సుమారు 80.6 దగ్గర ఉంది. ఒక్కొక్క డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున మనకు సూర్యుడు ఏడున్నర నిమిషాలు ఆలస్యంగా నడిమింటికి వస్తాడు. భూమి కక్ష్య పూర్తి వృత్తం కాకపోవడం, భూమి అక్షం వాలి ఉండడం వల్ల కలిగే తేడా దీనికి తోడవుతుంది. ఆ లెక్కన మనకు నిజమైన మధ్యాహ్నం నవంబరు మొదట్లో 11 గంటల 51 నిమిషాలకే అవుతుంది, ఫిబ్రవరి మధ్యలో 12 గంటల 22 నిమిషాల దాకా కాదు. నీడ పొట్టిగా ఉండే కాలంలో సూర్యుడు ఆ కొద్ది నిమిషాలలోనే ఎంతో తిరిగిపోతాడు.

తాడేపల్లి ఇంజనీరు:
మాస్టారు గారు చెప్పిన లెక్కలు చదివాక, ఈ పాఠం అక్కరలేదన్న నా నమ్మకం ఇంకా బలపడింది. ఇన్ని తేదీలు, ఇన్ని సవరణలు గుర్తుంచుకోవలసిన పద్ధతిని దారి తప్పిన పదమూడేళ్ల పిల్లవాడు భయంలో ఎలా వాడుకోగలడు? ఫోనులోని దిక్సూచి అయస్కాంత ఉత్తరాన్ని చూపుతుంది, మన ప్రాంతంలో దానికీ నిజమైన ఉత్తరానికీ తేడా ఒకటి రెండు డిగ్రీలకు మించదు. నడకకు ఆ తేడా లెక్కలోకి రాదు. పైగా జూన్ నుంచి సెప్టెంబరు దాకా మబ్బులే ఎక్కువ, చెట్ల కింద కర్ర నీడ నిలవదు, రాత్రి సూర్యుడే ఉండడు. మూలపాడులోనైతే ఎత్తుకు ఎక్కి కృష్ణ ఏ వైపు కనబడుతుందో చూస్తే చాలు, నది కొండలకు దక్షిణాన ఉంటుంది. ఉన్న గంటసేపూ ఫోను ఛార్జింగు కాపాడుకోవడం, పటం ముందుగా దించి పెట్టుకోవడం, విజిల్ ఊదడం నేర్పితే పిల్లలకు ఎక్కువ మేలు జరుగుతుంది.

మంగళగిరి సర్వేయరు:
ఇంజనీరు గారూ, పటం ముందుగా దించుకోవాలన్న మీ సలహాతో ఏకీభవిస్తాను. దిక్సూచిని మాత్రం మీరు అతిగా నమ్ముతున్నారు. ఫోనులోని అయస్కాంత గ్రాహకం దగ్గరలోని ఇనుముకు లొంగిపోతుంది. ఇంటి పునాదికి ముగ్గు పోసే చోట పక్కన ఊచల కట్ట ఉంటే చాలు, అదే ఫోను రెండడుగుల దూరంలో రెండు వేర్వేరు ఉత్తరాలను చూపిన సందర్భాలు నా పనిలో ఎన్నో ఉన్నాయి. అయస్కాంతంతో మూసుకునే ఫోను కవరు, బండి పెట్రోలు టాంకు, శిబిరంలో వేసే ఇనుప మంచం, ఇవన్నీ దానిని తప్పుదారి పట్టించేవే. తప్పు చూపుతున్నప్పుడు కూడా ఆ తెర మీది ముల్లు అంతే ధీమాగా కనిపిస్తుంది, అందుకే అది ప్రమాదం. నేలపై గీసిన గీతకు ఆ ఇనుముతో సంబంధం లేదు. ఒక పరికరాన్ని మరొక దారిలో సరిచూసుకోవడం మా వృత్తిలో మొదటి పాఠం, పిల్లలకూ అదే మొదటి పాఠం కావాలని కోరుకుంటాను.

విశ్రాంత ఎన్.సి.సి. శిక్షకుడు:
గడియారం పద్ధతిని కొట్టిపారేయడం నాకు బాధ కలిగించింది. డెహ్రాడూన్ వైపు చలికాలపు శిబిరాలలో నేను దానిని క్యాడెట్ల చేత చేయించాను, నాగార్జునసాగర్ దగ్గర డిసెంబరు శిబిరాలలో కూడా చేయించాను. దిక్సూచితో పోల్చి చూసినప్పుడు తేడా చాలా కొద్దిగానే వచ్చింది. ఒక్క నిమిషంలో అయిపోయే పద్ధతి ఇంకొకటి లేదు. కొంచెం తేడా వచ్చినంత మాత్రాన పనికిరాదనడం న్యాయమా?

గుంటూరు లెక్కల మాస్టారు:
శిక్షకుడు గారి అనుభవం నూటికి నూరుపాళ్లు నిజం, దానికి కారణం డిసెంబరే. మన అక్షాంశానికి డిసెంబరు 21న సూర్యుని లెక్కన, అంటే అతను నడిమింటికి వచ్చే వేళను పన్నెండుగా తీసుకుంటే, ఉదయం తొమ్మిదికి సూర్యుడు ఉత్తరం నుంచి తూర్పు మీదుగా కొలిస్తే 131 డిగ్రీల దగ్గర ఉంటాడు. తొమ్మిదికీ పన్నెండుకూ మధ్య కోణంలో సగం 45 డిగ్రీలు. రెండూ కలిపితే 176 వస్తుంది, అసలు దక్షిణం 180. నాలుగు డిగ్రీల తేడాను ఎవరూ తప్పు పట్టరు.

ఇదే లెక్కను జూన్ 21న చేసి చూడండి. ఉదయం తొమ్మిదికి సూర్యుడు 73 డిగ్రీల దగ్గర, అంటే తూర్పుకు కొంచెం ఉత్తరంగా ఉంటాడు. 45 కలిపితే 118. గడియారం దక్షిణమని చూపేది నిజానికి ఆగ్నేయం కన్నా కొంచెం తూర్పు వైపుకు ఉంటుంది, తప్పు 62 డిగ్రీలు. పదకొండు గంటలకు సూర్యుడు 61 డిగ్రీల దగ్గర ఉంటాడు, 15 కలిపితే 76. అప్పుడు గడియారం చెప్పే దక్షిణం దాదాపు తూర్పు! తప్పు 104 డిగ్రీలు, లంబకోణానికి మించినది. దీనిని కొంచెం తేడా అనలేము. ఆ తేడాతో కొండ దిగిన పిల్లవాడు ఊరికి చేరడు.

ఇలా ఎందుకు జరుగుతుందో పిల్లలకు చెప్పగలిగితే ఆ శిబిరానికి అంతకన్నా మంచి పాఠం ఉండదని నేను అనుకుంటాను. సూర్యుడు దిగంతం వెంబడి గంటకు పదిహేను డిగ్రీల చొప్పున సమంగా జరుగుతాడని గడియారం పద్ధతి ఊహించుకుంటుంది. ఉత్తర దేశాలలో ఆ ఊహ సుమారుగా సరిపోతుంది. మనకు జూన్‌లో సూర్యుడు తూర్పున లేచి దాదాపు నిట్టనిలువుగా పైకి ఎక్కుతాడు. ఉదయించిన వేళ నుంచి పదకొండు గంటల దాకా అతని దిక్కు 61కీ 73కీ మధ్యనే తచ్చాడుతుంది. ఆ తరువాత రెండు గంటలలో, పదకొండు నుంచి ఒంటిగంట లోపల, ఉత్తరం మీదుగా 120 డిగ్రీలకు పైగా గిర్రున తిరిగి పడమటికి చేరుతాడు. చేతి గడియారపు ముల్లుకు ఈ నడక తెలియదు.

ఇంజనీరు గారు అడిగిన ప్రశ్నకు కూడా ఇక్కడే సమాధానం ఉంది. తేదీ, గంట, అక్షాంశం, వీటిలో ఏదీ అక్కరలేని పద్ధతి ఒకటి మన దేశంలో ఎంతో కాలంగా ఉంది. సూర్యసిద్ధాంతమనే ప్రాచీన ఖగోళ గ్రంథంలో త్రిప్రశ్నాధికారమనే అధ్యాయం దానితోనే మొదలవుతుంది. నీటితో మట్టం చూసిన చదునైన తలం మీద పన్నెండంగుళాల శంకువును, అంటే నీడ కొలిచే నిలువు పుల్లను, నిలిపి, చుట్టూ వృత్తం గీసి, ఉదయం నీడ కొన వృత్తాన్ని తాకి లోపలికి వచ్చిన చోటా, మధ్యాహ్నం దాటాక తిరిగి తాకి బయటికి పోయిన చోటా గుర్తులు పెట్టాలి. ఉదయపు గుర్తు పడమర, సాయంత్రపు గుర్తు తూర్పు. ఈ రెంటినీ కలిపిన గీతకు లంబంగా గీసినది ఉత్తర దక్షిణ రేఖ. మధ్యాహ్నానికి ముందూ వెనుకా ఒకే ఎత్తులో ఉన్న సూర్యుడు ఆ రేఖకు రెండు పక్కలా సమాన దూరంలో ఉంటాడన్న ఒక్క విషయం మీదనే ఈ పద్ధతి నిలబడింది. అందువల్ల నీడ ఉత్తరానికి పడే డిసెంబరులోనూ, దక్షిణానికి పడే జూన్‌లోనూ ఇది ఒకే రీతిగా పనిచేస్తుంది. ఆ రెండు గుర్తుల మధ్య గంటలలో సూర్యుడు స్వయంగా ఉత్తరానికో దక్షిణానికో కాస్త జరగడం వల్ల వచ్చే తేడా డిగ్రీలో పదోవంతును దాటదు.

తాడేపల్లి ఇంజనీరు:
వృత్తం పద్ధతి శాస్త్రీయమైనదని ఒప్పుకుంటాను. అయితే మాస్టారు గారూ, దానికి మూడు నాలుగు గంటలు పడుతుంది. దారి తప్పినవాడు నాలుగు గంటలు కర్ర దగ్గర కూర్చుంటాడా? నా అసలు అభ్యంతరం అలాగే ఉంది.

మంగళగిరి సర్వేయరు:
దారి తప్పినవాడు ఉన్నచోటనే కూర్చోవడమే మంచిదని నా అనుభవం, కానీ మీ ప్రశ్న సమంజసమైనదే. తొందరగా కావాలంటే రెండు రాళ్ల పద్ధతి ఉంది. నీడ కొన దగ్గర ఒక రాయి పెట్టి, పదిహేను ఇరవై నిమిషాల తరువాత కొత్త కొన దగ్గర రెండవ రాయి పెడితే, మొదటిది పడమర, రెండవది తూర్పు. దీనిలో ఏ నెలలోనూ తూర్పు పడమరలు తారుమారు కావు, అదే దాని బలం.

గుంటూరు లెక్కల మాస్టారు:
ఆ పద్ధతికి వేళ ముఖ్యమని కూడా చేర్చాలి. మార్చి 21, సెప్టెంబరు 23 ప్రాంతాలలో నీడ కొన రోజంతా తిన్నని తూర్పు పడమర గీత మీదనే నడుస్తుంది. మిగిలిన కాలంలో ఆ దారి వంగి ఉంటుంది. జూన్‌లో ఉదయం ఎనిమిది, తొమ్మిది మధ్య రాళ్లు పెడితే ఆ గీత నిజమైన తూర్పు నుంచి సుమారు 18 డిగ్రీలు ఉత్తరానికి వాలుతుంది, డిసెంబరులో అదే వేళకు సుమారు 21 డిగ్రీలు దక్షిణానికి. పదకొండు నుంచి ఒంటిగంట లోపలైతే ఏడెనిమిది డిగ్రీలకు మించి పోదు. నడిచి బయటపడడానికి అది చాలు.

విశ్రాంత ఎన్.సి.సి. శిక్షకుడు:
లెక్కలు చూశాక గడియారం పద్ధతిని నవంబరు నుంచి జనవరి వరకు మాత్రమే నేర్పడానికి నేను అంగీకరిస్తున్నాను. పూర్తిగా వదిలేయడానికి మాత్రం అంగీకరించను, మన పిల్లల శిబిరాలలో ఎక్కువ భాగం చలికాలంలోనే జరుగుతాయి కదా.

కృష్ణలంక కార్యకర్త:
అందరికీ ధన్యవాదాలు. మా తేదీలు మారవు, మే మొదటి వారమే. మధ్యాహ్నం నీడే ఉండనప్పుడు వృత్తం పద్ధతి కుదురుతుందా? ఎండలో పిల్లలను నిలబెట్టడం కూడా నాకు ఇష్టం లేదు.

గుంటూరు లెక్కల మాస్టారు:
తప్పక కుదురుతుంది. ఆ వారంలో మనకు నిజమైన మధ్యాహ్నం సుమారు 12 గంటల 4 నిమిషాలకు అవుతుంది. ఉదయం పది దాటాక మీటరు కర్ర నీడ సుమారు 55 సెంటీమీటర్లు ఉంటుంది, ఆ కొలతతో వృత్తం గీయండి. నీడ కొన మళ్లీ దానిని తాకేది రెండు దాటాక. గుర్తు పెట్టే రెండు వేళలలో ఒక్కొక్కరు అయిదు నిమిషాలు ఎండలోకి వస్తే చాలు, మిగిలిన సమయం చెట్ల కింద గడపవచ్చు. రెండు గుర్తుల మధ్య దూరం మీటరుకు కొంచెం ఎక్కువే వస్తుంది కనుక, ఒక సెంటీమీటరు పొరపాటు జరిగినా దిక్కులో అర డిగ్రీ మాత్రమే తప్పుతుంది. పదకొండుకూ ఒంటిగంటకూ చేస్తే వృత్తం సగమై, ఆ తప్పు రెట్టింపవుతుంది. ఇంకొక వెసులుబాటు కూడా ఆ వారానికి ఉంది. ఉదయం తొమ్మిది నుంచి పదకొండు దాకా నీడ తానుగానే పడమటికి ఏడు డిగ్రీల లోపు పడుతుంది. ఒంటిగంట తరువాత మూడింటి దాకా అదే మేరకు తూర్పుకు పడుతుంది. వృత్తం పూర్తయ్యేదాకా పిల్లలు దానితో సరిపెట్టుకుని, చివరికి ఎంత తేడా వచ్చిందో తామే కొలుచుకోవచ్చు.

మంగళగిరి సర్వేయరు:
పని చేసే చోట రెండు జాగ్రత్తలు చెబుతాను. కర్ర కొద్దిగా వాలినా దిగులు పడవద్దు. కర్ర కొన నుంచి దారానికి రాయి కట్టి వదలండి, అది నేలను తాకిన చోటే వృత్తానికి కేంద్రం కావాలి. కర్ర పాతిన చోటును కేంద్రంగా తీసుకుంటేనే తప్పు వస్తుంది. నేల మాత్రం మట్టంగా ఉండాలి. పళ్లెంలో నీళ్లు పోసి అంచులు చూసుకుంటే తెలిసిపోతుంది. ఇక నీడ కొన ఎప్పుడూ సూదిలా కనిపించదు, సూర్యబింబం వెడల్పు వల్ల దాదాపు ఒక సెంటీమీటరు మేర మసకగా ఉంటుంది. ఉదయం ఆ మసకలో ఏ అంచును పట్టుకున్నారో సాయంత్రం కూడా అదే అంచును పట్టుకోవాలి, అందుకని రెండు గుర్తులూ ఒకే పిల్లవాడి చేత పెట్టించండి.